గాలిని చూసి గాలం వేయండి: సస్కాచెవాన్ సరస్సుల దగ్గర చేపల వేట, టెంటు బస

ఏటా మే మొదటి వారంలో నా ఫోను తీరిక లేకుండా మోగుతుంది. ఏ రాడ్ కొనాలి? ఇండియా నుంచి వచ్చిన నాన్నగారికి లైసెన్సు కావాలా? పొద్దుటి నుంచి గట్టున కూర్చున్నా ఒక్క చేపా ఎందుకు పడలేదు? రాత్రి టెంటు ఎందుకు కూలిపోయింది? అందరూ తిప్పి తిప్పి అడిగేవి ఈ నాలుగే. చివరి రెండింటికీ జవాబు ఒకటే: గాలి.

ఊరి చెరువు గట్టున గాలం వేసి పెరిగినవాళ్లకు ప్రెయిరీ, అంటే ఇక్కడి చదునైన గడ్డి మైదానాల సరస్సు మొదట్లో అంతు పట్టదు. అక్కడ చింతచెట్టు నీడన కూర్చుని బెండు వంక చూస్తే చాలు. ఇక్కడ నీడ ఉండదు, గాలిని ఆపే కొండ ఉండదు, మిట్టమధ్యాహ్నం చేప ఎర ముట్టదు.

కింద రాసింది కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రపు దక్షిణ భాగానికి. పడవ లేకుండా, కారులో టెంటు పెట్టుకుని వెళ్లి, ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు రెండు రాత్రులు గడపడానికి సరిపోతుంది. పక్క రాష్ట్రాలైన మానిటోబా, ఆల్బర్టాలలో నియమాలు వేరు. చేపలూ గాలీ మాత్రం దాదాపు ఇవే.

1. ముందు అనుమతులు, తర్వాతే ఎర

సస్కాచెవాన్‌లో 16 ఏళ్లు నిండినవారికి చేపల వేట లైసెన్సు తప్పనిసరి. ఆన్‌లైన్‌లో ఖాతా తెరిచి తీసుకోవచ్చు. ఏడాది లైసెన్సు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా చెల్లుతుంది. ఒక రోజువి, మూడు రోజులవి కూడా ఉన్నాయి.

65 ఏళ్లు నిండినవారికి అక్కర్లేదన్న మాట నిజమే కానీ, అది ఈ రాష్ట్రంలో స్థిరంగా ఉంటున్నవారికే. నాన్నగారికి డెబ్బై ఏళ్లున్నా, చుట్టపుచూపుగా వచ్చినవారైతే లైసెన్సు తీసుకోవాల్సిందే. ఒక్క సాయంత్రానికైతే ఒక రోజుది చాలు.

దక్షిణ మండలంలో వేట మామూలుగా మే 5న, మధ్య మండలంలో మే 15న, ఉత్తర మండలంలో మే 25న తెరుస్తారు. కొన్ని సరస్సులకు సొంత తేదీలుంటాయి. ప్రభుత్వం ఏటా వెలువరించే ఆంగ్లర్స్ గైడ్‌లో మీరు వెళ్లే సరస్సు పేరు వెతికి, ఆ వరుస ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. పోయిన ఏడాది గైడ్ మీద ఆధారపడకండి.

మనవాళ్లు తెలియక తప్పే నియమాలు ఇవి:

- మంచు లేని కాలంలో మనిషికి ఒకే గాలం. ఒకటి చేతిలో, ఇంకోటి రాళ్ల మధ్య గుచ్చి ఉంచడం కుదరదు.
- బతికున్న చేపను ఎరగా వాడకూడదు. గడ్డకట్టించి అమ్మే చిన్న చేపలు, వానపాములు, జలగలు వాడవచ్చు.
- వాలై చేపకు సాధారణ పరిమితి రోజుకు నాలుగు. వాటిలో 55 సెంటీమీటర్లు దాటినది ఒక్కటే ఉండాలి. కొన్ని సరస్సుల్లో ఇంకా తక్కువ.
- ఇంట్లో ఫ్రీజర్లో దాచినవీ మీ లెక్కలోవే. శనివారం నాలుగు, ఆదివారం నాలుగు తెచ్చి ఎనిమిది దాచడం నేరం.
- పట్టిన చేపను అమ్మకూడదు, మరో వస్తువుకు మార్చుకోకూడదు.
- ఎదురు ముల్లు లేని కొక్కేన్ని మానిటోబాలో అన్ని చోట్లా వాడాలి. సస్కాచెవాన్‌లో కొన్ని జలాశయాలకే ఆ నియమం. నేను మాత్రం ఎక్కడికి వెళ్లినా శ్రావణంతో ఆ ముల్లు నొక్కేస్తాను. చేపను వదలడం తేలిక. పిల్లవాడి వేలికి గుచ్చుకుంటే తీయడం ఇంకా తేలిక.

వాస్కెసూ వైపు, అంటే ప్రిన్స్ ఆల్బర్ట్ నేషనల్ పార్కుకు వెళ్తే రాష్ట్ర లైసెన్సు చెల్లదు. పార్కు లైసెన్సు వేరే తీసుకోవాలి. 50 గ్రాముల లోపు సీసపు గుండ్లు అక్కడ నిషిద్ధం.

పొలాల మీదుగా నీటి దగ్గరకు వెళ్లాలంటే యజమానిని ముందే అడగాలి. 2022 జనవరి 1 నుంచి ఈ రాష్ట్రంలో అది చట్టం. కంచె లేదు కదా, బోర్డు లేదు కదా అన్న వాదన ఇప్పుడు పనికిరాదు.

2. చోటు

మొదటిసారి ప్రొవిన్షియల్ పార్కుకే వెళ్లండి. మరుగుదొడ్లు, తాగునీరు, పొయ్యి గుంత, చేపలు కోసుకునే షెడ్డు ఒకేచోట దొరుకుతాయి.

రెజైనావాళ్లకు రెండు మంచి చోట్లు. ఫోర్ట్ క్వాపెల్ పక్కన ఎకో వ్యాలీ పార్కు ఉంది. లోయ కావడంతో గాలి కాస్త తక్కువ, పిల్లలకు ఒడ్డు నుంచే పెర్చ్ అనే చిన్న చేపలు పడతాయి. ఇక లాస్ట్ మౌంటెన్ లేక్ తూర్పు గట్టున రోవాన్స్ రవీన్ పార్కు. వాలైకి ఇది మేలు, కానీ ఈ సరస్సు ఉత్తర దక్షిణాలుగా దాదాపు 90 కిలోమీటర్లు సాగిన సన్నటి కోర. వాయవ్యం నుంచి గాలి వీస్తే అలలకు పరిగెత్తడానికి బోలెడు దూరం దొరుకుతుంది.

సాస్కటూన్‌వాళ్లు డీఫెన్‌బేకర్ సరస్సు మీద డేనియల్సన్ పార్కు చూసుకోవచ్చు. స్విఫ్ట్ కరెంట్ వైపు ఉన్నవాళ్లకు సస్కాచెవాన్ ల్యాండింగ్ దగ్గర. డీఫెన్‌బేకర్ 225 కిలోమీటర్ల పొడవున్న జలాశయం. కొన్ని గట్లు నిట్టనిలువుగా విరిగిపడుతుంటాయి, అంచున నిలబడకండి.

వేసవి వారాంతాల స్థలాలు వసంతంలోనే నిండిపోతాయి. ఇంటర్నెట్‌లో రిజర్వేషన్ తెరిచిన రోజే తీసుకోండి, లేదా మంగళ, బుధవారాల్లో వెళ్లండి. కారుకు పార్కు ప్రవేశ రుసుము వేరే ఉంటుంది.

స్థలం ఎంచుకునేటప్పుడు మ్యాపులో నీటికి ఎంత దగ్గర అని చూస్తారు అందరూ. నేను చూసేది పడమర, వాయవ్య దిక్కుల్లో ఏముందని. కరగానా పొదల వరుస ఉంటే ఆ స్థలం బంగారం. నీటి అంచున ఖాళీ జాగా ఫొటోకు బాగుంటుంది, నిద్రకు కాదు.

3. గాలినీ వెలుతురునూ చదవడం

రాడ్ ఖరీదు కన్నా ఇది ముఖ్యం. అందుకే సామాన్ల కంటే ముందు చెబుతున్నాను.

ఇక్కడ దొరికే ప్రధాన చేప వాలై. స్థానికులు పికరెల్ అంటారు. దాని కంట్లో వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది, పిల్లి కంట్లో ఉన్నట్టే. మసక వెలుతురులో దానికి బాగా కనిపిస్తుంది, దాని ఆహారమైన చిన్న చేపలకు కనిపించదు. అందువల్ల అది తిండికి బయలుదేరేది తెల్లవారుజామున, సందెవేళ, మబ్బు పట్టినప్పుడు, అలలు నీటిని కలచినప్పుడు.

ఇక గాలి సంగతి. గాలి ఒక గట్టు వైపే పొద్దంతా వీస్తే నీటి పైపొర, అందులోని సూక్ష్మజీవులు అటు చేరతాయి. వాటి వెంట చిన్న చేపలు, వాటి వెంట వాలై. అలలు గట్టును తాకి నీరు కాస్త మురికిగా మారితే చేప ఒడ్డుకు ఇంకా దగ్గరగా వస్తుంది. చల్లగా, అద్దంలా ఉన్న గట్టున కుర్చీ వేసుకుని ఆరు గంటలు కూర్చున్న మిత్రుడికి ఏమీ పడకపోవడానికి కారణం అదే. ముఖానికి గాలి కొట్టే గట్టున చేప, వీపుకు గాలి కొట్టే గట్టున టెంటు. ఈ రెండూ ఎప్పుడూ ఒకచోట కుదరవు. కాబట్టి నడవక తప్పదు.

ప్రెయిరీలో గాలి సాధారణంగా పొద్దెక్కేకొద్దీ పెరిగి, మధ్యాహ్నం దాటాక జోరందుకుని, సాయంత్రానికి తగ్గుతుంది. జూన్ మూడో వారంలో రెజైనాలో సూర్యోదయం ఉదయం 4:50 ప్రాంతంలో, అస్తమయం రాత్రి 9:15 ప్రాంతంలో. కాబట్టి రోజును ఇలా మలచుకోండి:

- తెల్లవారుజామున 4:30 నుంచి 7:30 దాకా: వాలై. ఒక్కరు లేచి వెళ్లండి, మిగతావాళ్లను నిద్రపోనివ్వండి.
- 10 నుంచి మధ్యాహ్నం 3 దాకా: వంట, ఈత, నిద్ర. పిల్లలు అల్లరి చేస్తే పెర్చ్.
- రాత్రి 8:30 నుంచి 10:30 దాకా: మళ్లీ వాలై. పిల్లల నిద్రవేళ ఇదే అని ఇంట్లో గొడవ వస్తుంది. ముందే మాట్లాడుకోండి.

బయలుదేరే ముందు రోజు రాత్రి కెనడా ప్రభుత్వ వాతావరణ యాప్ వెదర్‌క్యాన్‌లో గంట గంటకూ గాలి వేగం, దిక్కు చూడండి. వానకన్నా ఈ రెండే ముఖ్యం. ఉరుము వినిపిస్తే రాడ్ కింద పెట్టి కారులో కూర్చోండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగకండి. చదును నేలమీద అంతటికీ ఎత్తయిన వస్తువు మీ చేతిలోని రాడ్ అవుతుంది.

4. గాలం సామాను

కొట్లో అడుగుపెడితే మూడు వందల రకాలు కనిపిస్తాయి. గట్టు నుంచి వేటకు కావాల్సింది ఇంతే:

- ఆరున్నర అడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, 2500 సైజు రీలు.
- 8 లేదా 10 పౌండ్ల దారం.
- పావు ఔన్సు జిగ్‌లు (బరువైన తల ఉన్న కొక్కేలు) ఓ పదిహేను, గాలి ఎక్కువైతే వాడటానికి కాస్త బరువైనవి ఐదు. పసుపుపచ్చ, నారింజ, తెలుపు రంగులు చాలు.
- జారే బెండ్లు, చిన్న కొక్కేలు, సీసం గుండ్లు.
- పసుపు మీద ఎర్ర డైమండ్లున్న స్పూన్లు (చెంచాలాంటి లోహపు ఎరలు) రెండు. జాక్ (నార్తర్న్ పైక్) చేపకు ఇది ఈ ప్రాంతపు పాత మందు.
- దారానికీ ఎరకూ మధ్య కట్టే ఉక్కు తీగ లీడర్లు మూడు. జాక్ పళ్లు దారాన్ని బ్లేడులా కోస్తాయి.
- పొడుగు ముక్కు శ్రావణం, కొలత టేపు, పొడవు పిడి వల.

ఎరకు వానపాముల డబ్బా ఒకటి, గడ్డకట్టిన చిన్న చేపల పొట్లం ఒకటి. రెండింటినీ ఐసు పెట్టెలో పెరుగు పక్కన పెట్టకండి, వేరే చిన్న పెట్టె తెచ్చుకోండి. ఇది మా ఇంట్లో అనుభవంతో వచ్చిన నియమం.

ఖరీదైన సామాను మీద పెట్టే డబ్బు మిగిల్చి మంచి రెయిన్‌కోటు, రబ్బరు బూట్లు కొనండి. మే నెలలో చెయ్యి వణుకుతుంటే ఏ రీలూ తిరగదు.

5. టెంటు: ఎగిరిపోకుండా

మా మొదటి టెంటు రాత్రి రెండింటికి మా మీదే పడుకుంది. పోలు విరిగి, పిల్లలతో సహా కారులో తెల్లవార్చాం. తప్పు టెంటుది కాదు. పొడవైన వైపును గాలికి ఎదురుగా పెట్టి, తాళ్లు సంచీలోనే వదిలేశాను. ఆకాశం నిర్మలంగా ఉందని ధీమా.

వరుసగా చేయాల్సింది:

మొదట, వచ్చిన వెంటనే టెంటు వేయండి. చేపలకు తర్వాత. సాయంత్రం దోమలు దిగాక చీకట్లో మేకులు కొట్టడం నరకం.

రెండు, తల ఎత్తి చూడండి. ఎండిన పోప్లర్ కొమ్మ పైన ఉంటే చోటు మార్చండి.

మూడు, ఇరుకు వైపును పడమర లేదా వాయవ్యానికి తిప్పండి, గుమ్మం దానికి ఎదురు దిక్కున ఉండాలి. కారును గాలి వచ్చే వైపు అడ్డంగా నిలపండి.

నాలుగు, టెంటుతో వచ్చిన సన్నటి మేకులు పారేసి ఒక అడుగు పొడవు ఉక్కు మేకులు, సుత్తి కొనుక్కోండి. ఎండిన ప్రెయిరీ బంకమట్టి సిమెంటులా ఉంటుంది. మేకు తల టెంటుకు దూరంగా వాలేలా కొట్టండి.

అయిదు, తాళ్లన్నీ కట్టండి. వాతావరణం ఎలా ఉన్నా సరే.

ఆరు, కింద పరిచే పట్టా అంచు టెంటు బయటికి రాకూడదు. వస్తే వాన నీటిని పట్టి మీ పక్కకిందకు తెస్తుంది.

మే, జూన్ మొదట్లో రాత్రి చలి 5 డిగ్రీల దాకా, కొన్నిసార్లు ఇంకా కిందికి పోతుంది. పైన రెండు దుప్పట్లు కప్పుకుని కింద పలుచటి చాప వేసుకుంటే ప్రయోజనం లేదు. చలి నేలలోంచి వస్తుంది. మందపాటి ఫోమ్ పరుపు మీద ఖర్చు పెట్టండి, సున్నా డిగ్రీలకు తట్టుకునే స్లీపింగ్ బ్యాగు తీసుకోండి.

నిప్పు రాజేసే ముందు మంటల నిషేధం ఉందేమో పార్కు కార్యాలయంలో అడగండి. ఎండ వేళల్లో తరచూ ఉంటుంది. అందుకని గ్యాసు పొయ్యి వెంట ఉండాలి. ఇంటినుంచి కట్టెలు తీసుకెళ్లకండి, చెట్ల పురుగులు వాటితో పాటు ప్రయాణిస్తాయి. అక్కడే కొనండి.

మే నుంచి జులై మొదటి వారాల దాకా గడ్డిలో గోమార్ల బెడద ఉంటుంది. ప్యాంటు అంచులు సాక్సులోకి దోపుకోండి. రాత్రి పడుకునే ముందు పిల్లల చెవుల వెనక, జుట్టులో, నడుము దగ్గర చూడండి. కరుచుకుని ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా, తిన్నగా పైకి లాగండి. కిరసనాయిలు, అగ్గిపుల్ల వైద్యాలు వద్దు.

6. గాలం వేయడం

ఒడ్డు నుంచి ఎక్కడ వేయాలి? నీటిలోకి పొడుచుకొచ్చిన కొన, వాగు కలిసేచోటు, వంతెన కింద ఇరుకు, పడవల రేవు పక్కన రాళ్లు. నేరుగా సాగిన ఇసుక గట్టు మీద సమయం వృథా చేయకండి.

జిగ్‌తో వాలైకి:

- జిగ్‌కు చిన్న చేపను నోట్లోంచి గుచ్చి తల వెనక నుంచి కొక్కెం బయటకు తీయండి. వానపాము అయితే సగం ముక్క చాలు.
- విసిరి, దారం వదులయ్యేదాకా ఆగండి. వదులైందంటే అడుగు తాకింది.
- రాడ్ కొనను ఒక అడుగు మెల్లగా ఎత్తండి. దారం బిగువుగానే ఉంచి జిగ్‌ను దిగనివ్వండి. వదులైన దారం చుట్టండి. మళ్లీ ఎత్తండి.
- చాలాసార్లు చేప దిగేటప్పుడే అందుకుంటుంది. చిన్న టక్ లేదా తడి గుడ్డ తగులుకున్నట్టు బరువు. అప్పుడు మణికట్టుతో ఒక్క లాగు.

మనవాళ్ల చెయ్యి తొందర. చుట్టడం సగానికి తగ్గించండి. తగ్గించాక, ఇంకొంచెం తగ్గించండి. మే నెల చల్లటి నీటిలో చేప పరిగెత్తదు.

జాక్‌కు దీనికి పూర్తిగా వ్యతిరేకం. నాచు అంచు వెంట స్పూన్ విసిరి ఆగి ఆగి చుట్టండి. ఒడ్డుకు వచ్చాక వెంటనే పైకి తీయకండి. జాక్ వెంబడించి వచ్చి కాళ్ల దగ్గర కరుస్తుంది.

పిల్లలకు జారే బెండు కట్టి, కింద చిన్న కొక్కేనికి వానపాము ముక్క గుచ్చి రేవు పక్కన వదలండి. బెండు మునిగితే వాళ్ల కేకలకు అక్కడి పెద్దలందరూ తిరిగి చూస్తారు. నీటికి దగ్గరగా ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి.

7. చేప తగిలాక

దారం వదులు కానివ్వకండి. రాడ్‌ను ఆకాశానికి ఎత్తి నిలబడటం కాదు, వంగిన రాడ్‌తో పక్కకు లాగుతూ రప్పించండి. వలలోకి తల ముందు రావాలి.

పట్టుకునే ముందు చేతులు తడుపుకోండి. పొడి చేతులు, పొడి ఇసుక చేప ఒంటి జిగురు పొరను ఊడదీస్తాయి. వాలై వీపు రెక్కలో ముళ్లుంటాయి, దాని మొప్పల మూత అంచు కూడా కోస్తుంది. తల వెనక నుంచి రెక్కను అణిచి పట్టండి. జాక్ నోట్లో వేలు పెట్టకండి, ఎప్పుడూ శ్రావణమే. దాని మొప్పల ఎర్ర పోగులను తాకకండి.

వదిలేయాలనుకుంటే నీటిలోనే కొక్కెం తీయండి. కడుపులోకి మింగేసి ఉంటే లాగకండి, దారం కత్తిరించండి. చేపను నిటారుగా నీటిలో పట్టుకుని ఉంటే అదే తోక కొట్టి వెళ్తుంది. విసరకండి.

తాడుకు గుచ్చి నీటిలో కట్టిన చేపను ఉంచుకున్న చేపగానే లెక్క వేసుకోండి. పొద్దున్న చిన్నది కట్టి, సాయంత్రం పెద్దది పడగానే చచ్చిన చిన్నదాన్ని నీటిలోకి తోసేసేవాళ్లను చూశాను. తినదగిన చేపను పారేయడం ఇక్కడ శిక్షార్హం. శిక్ష మాట అటుంచినా, చూడటానికే సిగ్గుగా ఉంటుంది.

నా లెక్క: 40, 45 సెంటీమీటర్ల వాలై తినడానికి. 55 దాటినవి ఎక్కువగా గుడ్లు పెట్టే ఆడ చేపలు, ఫొటో తీసి నీటికి.

8. ఏమీ పడకపోతే

మార్చాల్సిన వరుస ఇది. లోతు, వేగం, చోటు, ఎర, చివరికి రంగు. కొట్లో డబ్బు ఖర్చయ్యేది మాత్రం రంగుల మీదే.

జిగ్ అడుగు తాకడం తెలియకపోతే బరువు చాలలేదు, గాలి దారాన్ని విల్లులా వంచుతోంది. రాడ్ కొన నీటికి దగ్గరగా దించండి, లేదా బరువు పెంచండి.

ప్రతి విసురుకూ నాచు వస్తుంటే జిగ్ మానేసి జారే బెండుకు మారండి, ఎరను నాచుకు ఒక అడుగు పైన వేలాడదీయండి.

ఎర పోతోంది, చేప తగలడం లేదంటే అవి పెర్చ్ పిల్లలు. కొక్కెం చిన్నది చేయండి, ఎర ముక్క చిన్నది చేయండి.

దారం శుభ్రంగా కోసినట్టు తెగిపోతే జాక్. తీగ లీడర్ కట్టండి. ముడి దగ్గర మెలికలు తిరిగి ఊడిపోతే మీ ముడి. దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పి, బిగించే ముందు ఉమ్మితో తడపండి.

ఇరవై నిమిషాలకు ఒక్క తగులూ లేకపోతే యాభై అడుగులు నడవండి. ఆగస్టు మధ్యాహ్నం వేడికైతే ఏం చేసినా గట్టు నుంచి వాలై కష్టమే. పడుకోండి.

9. నది అయితే

దక్షిణ సస్కాచెవాన్ నదిలో గోల్డ్‌ఐ, వాలై, జాక్, స్టర్జన్ ఉన్నాయి. ప్రవాహం చీలే రాయి వెనక, వంపు లోపలి నెమ్మది నీటిలో వేయండి. పైకి విసిరి, జిగ్‌ను ప్రవాహంతో దొర్లనివ్వండి.

గార్డినర్ ఆనకట్ట దిగువన విద్యుత్ ఉత్పత్తిని బట్టి నీటిమట్టం పెరుగుతుంది, తగ్గుతుంది. ఇసుక తిన్నె మీదకు నడిచి వెళ్తే తిరుగు దారి మునగవచ్చు. ఎండలోనూ ఆ నీరు చల్లగానే ఉంటుంది. సాస్కటూన్‌లోని అడ్డుగోడ దిగువ సుడి ప్రాణాంతకం, దాని దరిదాపులకు వెళ్లకండి. పిల్లలతో మొదటి ప్రయాణానికి నది వద్దు, సరస్సే.

10. శుభ్రం చేయడం, వండటం

చేపను పట్టిన వెంటనే ఐసులో పెట్టండి. ఐసు కరిగిన నీటిలో నానకుండా సంచిలో.

పార్కు షెడ్డులోనే కోయండి, వ్యర్థాలు అక్కడి డబ్బాలోనే వేయండి. టెంటు దగ్గర తల, పేగులు పడేస్తే రాత్రి కంపు చిమ్మే స్కంకు వస్తుంది. అది వచ్చి వెళ్లాక ఆ టెంటు మీరు వాడరు.

ఇంటికి తీసుకెళ్లే చేప ఏ జాతిదో, ఎన్నో అధికారికి తెలియాలి. ముక్కల మీద చర్మం పట్టీ వదలాలి. పులుసు ముక్కలుగా కోసి డబ్బాలో కలిపేస్తే లెక్క చూపలేరు. అందుకని పొట్ట, మొప్పలు తీసి నిండు చేపగా తీసుకెళ్లి, ఇంట్లో ముక్కలు కోసుకోండి.

వాలైకి కొర్రమీనులాగా లోపలి ముళ్లు తక్కువ, రుచి సౌమ్యం. దాన్ని చింతపండులో ముంచితే ఉనికి పోతుంది. పసుపు, కారం, ఉప్పు, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచి, బియ్యప్పిండి అద్ది, ఇనుప పెనం మీద వేయించండి. పక్కకు పక్క మూడు నిమిషాలు. అక్కడే తిన్నదీ ఆ రోజు పరిమితిలోదే.

జాక్‌లో వీపు వెంట రెండుగా చీలిన ముళ్ల వరుస ఉంటుంది. ముళ్ల చేప తినడం మనకు కొత్త కాదు కాబట్టి దాన్ని పులుసుకే వాడండి. మసాలా, చింతపండు గుజ్జు ఇంటి నుంచే సీసాలో తీసుకెళ్లండి.

చేప పడుతుందన్న నమ్మకంతో కూర లేకుండా వెళ్లకండి. మొదటి రాత్రికి పులిహోర, రెండో రోజుకు గోంగూర పచ్చడి, గుడ్లు.

పెద్ద వాలై, పెద్ద జాక్‌లలో పాదరసం ఎక్కువగా చేరుతుంది. గర్భిణులకు, పిల్లలకు చిన్న చేపలే పెట్టండి.

వేసవి చివర క్వాపెల్ సరస్సుల్లో నీలాకుపచ్చ నాచు తేలుతుంది, బఠానీ పులుసులా. ఆ నీటితో వంట వద్దు. మరిగించినా దాని విషం పోదు. పిల్లలను, కుక్కలను దిగనివ్వకండి.

11. పడవ అద్దెకు తీసుకుంటే

మోటారు పడవ నడిపేవారికి ఆపరేటర్ కార్డు లేదా అద్దెకిచ్చేవారు పూర్తిచేసి ఇచ్చే భద్రతా చెక్‌లిస్టు, మనిషికో లైఫ్ జాకెట్ ఉండాలి. గాలి గంటకు 25 కిలోమీటర్లు దాటుతుందని చెబితే నేను చిన్న పడవ దించను. అలల మీద తెల్లటి నురగ కనిపించిందంటే ఒడ్డుకు వచ్చేయాలి.

సొంత పడవైతే సరస్సు నుంచి తీశాక అడుగు బిరడా తీసి నీరంతా వదలాలి, బిరడా తీసే రోడ్డెక్కాలి, తనిఖీ కేంద్రం తెరిచి ఉంటే ఆగాలి. 2013లో లేక్ విన్నిపెగ్‌లో జీబ్రా మసెల్ ఆల్చిప్పలు బయటపడ్డాయి. అవి ఒక పడవ అడుగున అంటుకుని వచ్చినా చాలు, ఇంకో సరస్సు పోయినట్టే.

12. తలుపు తాళం వేసే ముందు

- లైసెన్సులు ఫోనులోనూ, కాగితం మీదా. లోయల్లో సిగ్నలు ఉండదు.
- గైడ్‌లో మీ సరస్సు వరుస ఫొటో.
- మూడు రోజుల గాలి వేగం, దిక్కు.
- టెంటు పోలు అతికించే గొట్టం, టేపు, ఉక్కు మేకులు, సుత్తి.
- ఫోమ్ పరుపులు, ఉన్ని టోపీలు. జూన్ అయినా సరే.
- దోమల మందు, పట్టకారు, గాయాల పెట్టె.
- లైఫ్ జాకెట్లు, పిల్లల సైజుకు సరిపోయేవి.
- గ్యాసు సిలిండర్లు రెండు, లైటర్లు రెండు.
- తలకు కట్టుకునే లైట్లు, మనిషికొకటి.
- పార్కు పేరు, మీ స్థలం సంఖ్య ఊళ్లో ఉన్న ఒకరికి మెసేజ్. 911కు ఫోను చేయాల్సి వస్తే ఆ సంఖ్యే ముందు అడుగుతారు.

తిరిగి వచ్చిన రాత్రే టెంటును గ్యారేజీలో విప్పి ఆరబెట్టండి. సంచీలో తడిగా రెండు వారాలు ఉంటే బూజు పట్టి, వచ్చే జులైలో మళ్లీ కొత్తది కొనాల్సి వస్తుంది. మిగిలిన వానపాములను పెరట్లో వదలకండి, చెత్తలో వేయండి. ఎర పెట్టెను మాత్రం ఎవరూ చూడకముందే కడిగేయండి.